ఒకే పోలిక కవలల్లో కొలెస్ట్రాల్ ఎందుకు వేరుగా ఉంటుంది? జన్యువుల వాటా ఎంత?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇద్దరూ ఒకే పోలిక కవల అక్కచెల్లెళ్లు, వయసు 38. అక్క లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే రక్తంలోని కొవ్వుల (లిపిడ్ల) పరీక్షలో, మొత్తం కొలెస్ట్రాల్ 254, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) 44, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) 168. చెల్లెలివి వరుసగా 205, 95, 58, 128. నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. గత మూడేళ్లలో అక్క 11 కిలోల బరువు పెరిగారు, ఎప్పుడూ అలసటగా ఉంటోందంటున్నారు. డాక్టరుగారు రిపోర్టు చూసి "ఇది మీకు వంశపారంపర్యం" అన్నారట. ఇప్పుడు అక్క అడుగుతున్నది: జన్యువులు ఇద్దరివీ ఒకటే అయినప్పుడు చెల్లెలికి లేనిది నాకెందుకు వచ్చింది? వంశపారంపర్యమే అయితే తిండి మార్చుకుని, వ్యాయామం చేసి ఏం లాభం?

లిపిడ్ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డాక్టరుగారు చెప్పింది తప్పు కాదు, కానీ సగంలో ఆగిపోయింది. మీ చెల్లెలి రిపోర్టు మీ చేతిలో ఉండటం అదృష్టమనే అంటాను. మీకున్న జన్యువులతోనే ఎల్‌డీఎల్ 128 దగ్గర, ట్రైగ్లిజరైడ్లు 95 దగ్గర ఉండగలవని అది చూపిస్తోంది. మిగతా రోగులకు ఇలాంటి ఆధారం దొరకదు. వాళ్ల శరీరం ఎంతవరకు దిగొస్తుందో మేం ఊహించి చెప్పాల్సిందే.

జన్యువుల వాటా ఇంత, పరిసరాల వాటా ఇంత అని ఎలా లెక్కేస్తారో ముందు చూద్దాం. లెక్క తెలిస్తే భయం సగం పోతుంది. ఒకే పోలిక కవలలు ఒకే అండం నుంచి పుడతారు కాబట్టి వాళ్ల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలకు మామూలు తోబుట్టువుల్లాగే, మనిషికీ మనిషికీ మారే జన్యువుల్లో సగటున సగం మాత్రమే కలుస్తాయి. రెండు రకాల వాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే వయసులో పెరుగుతారు. కాబట్టి ఏదైనా లక్షణంలో మొదటి రకం జంటలు రెండో రకం జంటల కంటే ఎంత ఎక్కువగా పోలి ఉంటే, ఆ లక్షణంలో జన్యువుల పాత్ర అంత ఎక్కువని అర్థం.

ఒక ఉదాహరణ. పోలికను సున్నా (అసలు లేదు) నుంచి ఒకటి (పూర్తిగా ఒకటే) వరకు కొలుస్తారు. ఎల్‌డీఎల్ విషయంలో ఒకే అండం కవలల మధ్య పోలిక 0.70, వేర్వేరు అండాల కవలల మధ్య 0.40 వచ్చిందనుకోండి. ఈ రెండింటి తేడా 0.30. దాన్ని రెట్టింపు చేస్తే 0.60. అంటే తేడాల్లో 60 శాతం జన్యువుల ఖాతాలోకి వెళ్తుంది. 0.70లోంచి ఆ 0.60 తీసేస్తే మిగిలిన 0.10 ఇద్దరూ కలిసి పంచుకున్న పరిసరాలది, అంటే పెరిగిన ఇల్లు, చిన్నప్పటి తిండి లాంటివి. ఒకటిలోంచి 0.70 తీసేస్తే మిగిలే 0.30 ఎవరికి వారికే సొంతమైన పరిసరాలది. ఈ చివరి భాగంలోనే ల్యాబ్ కొలతల్లో వచ్చే హెచ్చుతగ్గులు కూడా కలిసిపోతాయి. చాలామంది దీన్ని పట్టించుకోరు. మీ విషయంలో మాత్రం ఇది ముఖ్యం, మళ్లీ వస్తాను.

ఒకే ఇంట్లో పెరగడం వల్లే పోలిక వచ్చిందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దాన్ని తీర్చడానికి చిన్నప్పుడే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలు కావాలి. అలాంటివాళ్లు దొరకడం చాలా కష్టం. స్వీడన్‌లో దేశవ్యాప్త కవలల రిజిస్టర్ ఉండబట్టి అది సాధ్యమైంది. అక్కడ 52 నుంచి 86 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 300 జంటల రక్తం పరీక్షించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. ఆ జంటల్లో చాలామంది విడివిడిగా పెరిగినవాళ్లు. ఏ లిపిడ్‌ను కొలుస్తున్నాం, ఏ వయసువాళ్లలో కొలుస్తున్నాం అన్నదాన్ని బట్టి జన్యువుల వాటా 28 నుంచి 78 శాతం వరకు వచ్చింది. పెరిగిన ఇంటి ప్రభావం మొత్తం కొలెస్ట్రాల్ మీద గట్టిగానే కనిపించింది. మిగతా కొలతల మీద అంతగా లేదు. వాటిలో జన్యువులదీ, ఎవరికి వారి సొంత జీవితానిదే పైచేయి. ఇంకో సంగతి కూడా తేలింది. వయసు మీదపడ్డవాళ్లలో ట్రైగ్లిజరైడ్ల మీద, అపోబి (ఎల్‌డీఎల్ లాంటి కణాల మీద ఉండే ప్రొటీన్) మీద జన్యువుల వాటా తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కరికీ వేరే జబ్బులు, వేరే మందులు, వేరే అలవాట్లు తోడవుతాయి కదా.

ఇక్కడే అందరూ పొరబడే చోటు ఉంది. జన్యువుల వాటా 60 శాతం అంటే మీ ఎల్‌డీఎల్ 168లో 100 పాయింట్లు అమ్మానాన్నల నుంచి వచ్చాయి, మిగతా 68 మీ తిండి వల్ల వచ్చాయి అని కాదు. అలా ఒక మనిషి అంకెను ముక్కలు చేయడం ఏ లెక్కలోనూ కుదరదు. ఆ శాతం ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల గురించి మాత్రమే మాట్లాడుతుంది. మీ ఇద్దరి మధ్య జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడానే లేదు. అందుకని మీకూ మీ చెల్లెలికీ మధ్య ఉన్న 40 పాయింట్ల తేడాలో జన్యువుల వాటా 60 శాతం కాదు, దాదాపు సున్నా. ఈ ఒక్క మాట మీకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

వంశపారంపర్యం అంటే మారదు అన్న అర్థం కూడా అందులో లేదు. జపాన్‌లో ఉండిపోయినవాళ్లనూ, హవాయికీ శాన్‌ఫ్రాన్సిస్కోకూ వలస వెళ్లిన జపాను సంతతి మగవాళ్లనూ 1960ల నుంచి పోల్చి చూశారు. కొలెస్ట్రాల్ జపాన్‌లో అన్నిటికంటే తక్కువ, వలస వెళ్లినవాళ్లలో స్పష్టంగా ఎక్కువ. గుండెపోట్లూ అలాగే పెరిగాయి. వంశం ఒకటే, మారింది బతుకు తీరు. ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. 1972లో అక్కడ వెన్న, కొవ్వు పాలు, పొగతాగడం తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టారు. జనాభా సగటు కొలెస్ట్రాల్ బాగా దిగింది. కొన్ని దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అన్నేళ్లలో ఒక జనాభా జన్యువులు మారిపోవు. అక్కడ ఏ సంవత్సరం కవలల అధ్యయనం చేసినా జన్యువుల వాటా పెద్దగానే వచ్చి ఉండేది. జనాభా సగటు మొత్తం కిందికి జరిగినా, అందులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది జన్యువులు నిర్ణయిస్తూనే ఉంటాయి. రెండూ ఏకకాలంలో నిజమే.

ఇక మీ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదు, లెక్కకట్టింది. మొత్తం 254లోంచి హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు అంటే 42 తీసేస్తే 168. చెల్లెలిదీ అంతే: 205లోంచి 58, 19 తీసేస్తే 128. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ దీని కచ్చితత్వం తగ్గుతుంది, 400 దాటితే అసలు వాడకూడదు. అందుకే నేను నాన్ హెచ్‌డీఎల్ కూడా చూస్తాను. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయడమే. మీది 210, చెల్లెలిది 147. తేడా 63. ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే 40గా కనిపించిన తేడా ఇక్కడ పెద్దదైంది. అదనంగా కనిపించిన ఈ 23 ట్రైగ్లిజరైడ్లు మోసుకెళ్లే కణాల వైపు ఉంది.

ట్రైగ్లిజరైడ్లు రెట్టింపు కావడం, హెచ్‌డీఎల్ పడిపోవడం రెండూ కలిసి వస్తే నా చూపు మొదట బరువు, నడుము, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, కాలేయంలో కొవ్వు మీదికి వెళ్తుంది. మీరు పెరిగిన 11 కిలోలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ఒకరు లావుగా, ఇంకొకరు సన్నగా ఉన్న ఒకే అండం కవలల మీద ఫిన్లాండ్‌లో చాలా పరిశోధన జరిగింది. లావుగా ఉన్నవాళ్ల కాలేయంలో కొవ్వు ఎక్కువ, ఇన్సులిన్ పనితనం తక్కువ, లిపిడ్లు కూడా ఇదే తీరులో చెడి ఉండటం కనిపించింది.

అలసట మాత్రం నన్ను ఇంకో వైపు లాగుతోంది. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరుగుతుంది, ఒళ్లు బరువుగా ఉంటుంది. కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే రిసెప్టర్ల పని కూడా తగ్గుతుంది కాబట్టి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఒకే జన్యువులున్నా కవలల్లో ఒకరికే థైరాయిడ్ జబ్బు రావడం వింతేమీ కాదు. థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయకుండా ఎవరి కొలెస్ట్రాల్‌నూ వంశం మీదికి నెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. దాంతోపాటు షుగర్ పరీక్ష, కాలేయం, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు, మద్యం, ఇవేవైనా ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోతే అది కూడా డాక్టరుకు చెప్పండి. దాచుకోవాల్సిన విషయాలు కావు, అన్నీ ట్రైగ్లిజరైడ్లను కదిలించేవే.

కొలతల హెచ్చుతగ్గుల గురించి మళ్లీ వస్తానన్నాను. ఏ మార్పూ లేని ఆరోగ్యవంతుడి రక్తాన్ని రెండు వేర్వేరు రోజుల్లో తీసినా అంకెలు ఒకేలా రావు. మొత్తం కొలెస్ట్రాల్ 6 శాతం అటూఇటూ ఊగుతుంది. ట్రైగ్లిజరైడ్ల ఊగిసలాట 20 శాతం దాకా ఉంటుంది. జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చి తగ్గిన కొత్తలో ఎల్‌డీఎల్ తక్కువగా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకరు తిని, ఒకరు తినకుండా ఇచ్చినా ట్రైగ్లిజరైడ్లలో తేడా వస్తుంది. మీ ఇద్దరి మధ్య తేడా ఇలాంటి ఊగిసలాటకు మించే ఉందని నాకనిపిస్తోంది. అయినా ఒక్కో రిపోర్టు మీద ఆధారపడకుండా, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకే ల్యాబ్‌లో, ఒకే రోజు పరగడుపున ఇంకోసారి ఇవ్వండి.

మీరు నిజంగా ఒకే అండం కవలలేనా అన్నది కూడా ఒకసారి అడగాలి. ముఖాలు ఒకేలా ఉండటం మంచి గుర్తే, కానీ పూర్తి రుజువు కాదు. మాయలు రెండు ఉన్నాయి కాబట్టి వేర్వేరు అండాల కవలలు అని పుట్టినప్పుడు చెప్పేయడం కూడా మామూలే. అది సరికాదు. ఒకే అండం కవలల్లో సుమారు మూడో వంతు మందికి మాయలు వేరుగానే ఉంటాయి. పెద్ద నిర్ణయం దీని మీద ఆధారపడితే సులభమైన డీఎన్ఏ పరీక్ష ఉంది. లేకపోతే అవసరం లేదు.

మరి వంశపారంపర్యం మాట ఎక్కడ నిజం? కుటుంబాల్లో వచ్చే హైపర్ కొలెస్టెరొలీమియా అని ఒకటుంది, పుట్టుకతోనే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉండే జన్యు జబ్బు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువులో లోపం వల్ల చాలా కేసులు వస్తాయి. ఆ రిసెప్టర్‌ను కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటితే దీన్ని అనుమానిస్తాం. మీది 168. పైగా అలాంటి బలమైన ఒక్క జన్యువు లోపం ఉంటే మీ చెల్లెలికీ అదే ఉండాలి, ఆమె ఎల్‌డీఎల్ 128 దగ్గర ఆగడం అరుదు. కాబట్టి మీలో అలాంటిది ఉండే అవకాశం తక్కువ. చాలామందిలో లాగే మీలోనూ వందల జన్యువులు తలా కొంచెం తోస్తున్నాయని నా ఊహ.

జన్యువు ఉండి కూడా పరిసరం తోడైతే తప్ప జబ్బు బయటపడని సందర్భాలు మా వృత్తిలో అందరికీ తెలుసు. రక్తంలో కొవ్వుల రవాణాకు తోడ్పడే ఏపీఓఈ అనే జన్యువుకు ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ2 వచ్చినవాళ్లు వందలో ఒకరు ఉంటారు. వాళ్లలో చాలామందికి ఎల్‌డీఎల్ తక్కువగానే ఉంటుంది, జీవితమంతా ఏ ఇబ్బందీ రాదు. కొద్దిమందికి మాత్రం బరువు పెరిగినప్పుడో, షుగర్ వచ్చినప్పుడో, థైరాయిడ్ మందగించినప్పుడో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ ఒక్కసారిగా ఎగబాకుతాయి. అదే జన్యువు, ఒకరిలో నిద్రపోతుంది, ఇంకొకరిలో లేస్తుంది.

తిండి మారిస్తే లాభమా అన్న రెండో ప్రశ్నకు కవలల మీద జరిగిన ప్రయోగాలే జవాబిస్తాయి. వీటి గురించి రాయడం నాకు ఎప్పుడూ ఇష్టం. కెనడాలో బుషార్ అనే పరిశోధకుడి బృందం 12 జంటల ఒకే అండం కవల యువకులకు మూడు నెలలకు పైగా, వారానికి ఆరు రోజులు, రోజుకు 1000 కేలరీలు అదనంగా తినిపించింది. 1990లో ఫలితాలు వచ్చాయి. అందరూ ఒకే లెక్కన తిన్నా ఒకరు 4 కిలోలే పెరిగితే ఇంకొకరు 13 కిలోలు పెరిగారు. కానీ ఒక జంటలోని ఇద్దరూ చాలావరకు ఒకేలా పెరిగారు. అంటే తిండికి శరీరం ఎంత స్పందిస్తుందన్నది కూడా జన్యువుల్లో ఉంది. 2005లో అమెరికాలో 28 జంటలతో ఇంకో పని చేశారు. ప్రతి జంటలో ఒకరు వారానికి ఎన్నో కిలోమీటర్లు పరుగెత్తేవారు, ఇంకొకరు అంతగా పరుగెత్తనివారు. తిండిలో కొవ్వును పెంచి, తగ్గించి చూశారు. పరుగు అలవాట్లు అంత వేరైనా, ఎల్‌డీఎల్ మారిన తీరు జంటలో ఇద్దరికీ దగ్గరగా ఉంది.

స్టాన్‌ఫర్డ్‌లో 22 జంటలను తీసుకుని, ప్రతి జంటలో ఒకరికి పూర్తి శాకాహారం, అంటే పాలు గుడ్లు కూడా లేనిది, ఇంకొకరికి మాంసం కలిసిన ఆరోగ్యకరమైన తిండి ఎనిమిది వారాలు ఇచ్చారు. 2023లో ప్రచురించారు. మొదటి గుంపులో ఎల్‌డీఎల్ సగటున 111 నుంచి 96కి దిగింది. రెండో గుంపులో 119 నుంచి 116కి వచ్చి దాదాపు అక్కడే ఉంది. జన్యువులు ఒకటే, వయసు ఒకటే, ఎనిమిది వారాల్లోనే ఆ తేడా. అందరూ పూర్తి శాకాహారులు కావాలని నేను చెప్పను. సంతృప్త కొవ్వు తగ్గి, పీచు పెరిగితే ఎల్‌డీఎల్ దిగుతుందన్నదే నేను ఇందులోంచి తీసుకునే విషయం.

దీన్ని మీకు అన్వయిస్తే, మీ చెల్లెలికి పనిచేసింది మీకూ పనిచేసే అవకాశం ఎక్కువ. ఆమె ఏం తింటారు, ఎంత కదులుతారు, ఎంత నిద్రపోతారు అన్నది ఇద్దరూ కూర్చుని ఒక వారం రాసుకుని పోల్చుకోండి. ఏ పుస్తకంలోనూ దొరకనంత దగ్గరి సమాచారం అది. ఒక జాగ్రత్త: భోజనం చేసిన కొన్ని గంటల్లో ట్రైగ్లిజరైడ్లు ఎంత ఎగబాకుతాయన్న విషయంలో ఒకే అండం కవలల మధ్య కూడా బాగా తేడాలుంటాయని బ్రిటన్ కవలల మీద జరిగిన పరిశోధన చూపించింది. కాబట్టి ఎల్‌డీఎల్ విషయంలో చెల్లెలి అనుభవాన్ని ఎక్కువ నమ్మండి, ట్రైగ్లిజరైడ్ల విషయంలో మీ సొంత రిపోర్టును నమ్మండి.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్లు సుమారు 20 శాతం దిగుతాయి. వ్యాయామం ట్రైగ్లిజరైడ్ల మీద, హెచ్‌డీఎల్ మీద బాగా పనిచేస్తుంది, ఎల్‌డీఎల్ మీద తక్కువ. ఎల్‌డీఎల్‌ను దించేది ప్రధానంగా తిండిలోని కొవ్వు రకం. ఏది దేనికో తెలియక, రెండు నెలలు నడిచి ఎల్‌డీఎల్ తగ్గలేదని మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

నాన్నగారి గుండెపోటును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మగవాళ్లలో 55 లోపు వస్తే దాన్ని త్వరగా వచ్చిన గుండెజబ్బుగానే లెక్కేస్తాం. లైపోప్రోటీన్ (ఎ) అనే పరీక్ష ఉంది, ఎల్‌డీఎల్‌ను పోలిన, గుండెజబ్బు ముప్పు పెంచే ఒక కణాన్ని కొలిచేది, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఉండదు. దీని మీద జన్యువుల వాటా 90 శాతం దాకా ఉంటుంది. తిండితో, నడకతో పెద్దగా కదలదు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. కవలల్లో ఒకరిది తెలిస్తే ఇంకొకరిదీ దాదాపు తెలిసినట్టే. మీ ఇంట్లో వంశపారంపర్యం అన్న మాట అసలు సరిపోయేది ఇక్కడ కావచ్చు. ఇది ఎక్కువగా వస్తే ఎల్‌డీఎల్‌ను ఇంకా కిందికి దించడమే మార్గం.

మందు గురించి: 40 లోపు వయసులో ఎల్‌డీఎల్ 160 దాటి, కుటుంబంలో త్వరగా గుండెజబ్బు వచ్చిన చరిత్ర ఉంటే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఆలోచించవచ్చని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకని డాక్టరు ఆ మాట ఎత్తితే టెన్షన్ పడకండి. థైరాయిడ్ ఫలితం, మళ్లీ తీసిన లిపిడ్లు, లైపోప్రోటీన్ (ఎ) చేతిలో పెట్టుకుని ఆ నిర్ణయం తీసుకోవాలి. గర్భం ఆలోచన ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పండి. కారణం జన్యువులైనా, బరువైనా స్టాటిన్ పనిచేస్తుంది. కుటుంబ హైపర్ కొలెస్టెరొలీమియా పూర్తిగా జన్యువుల జబ్బే, అయినా అక్కడ కూడా మందుతోనే ఎల్‌డీఎల్‌ను దించుతున్నాం.

చివరగా మీ చెల్లెలి గురించి. ఆమె రిపోర్టు బాగుందని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉండి ఉంటారు. స్వీడన్‌లోనే 21,000 మంది కవలలను 26 ఏళ్లు గమనించారు, 1994లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్లలో ఒకే అండం కవల సోదరుడు 55 లోపు గుండెజబ్బుతో చనిపోతే, రెండోవాడికి ఆ ముప్పు ఎనిమిది రెట్లు. ఆడవాళ్లలో కవల సోదరి 65 లోపు చనిపోతే పదిహేను రెట్లు. ఇవి మరణాల లెక్కలు, మీ ఇద్దరికీ నేరుగా వర్తించవు. కానీ మీరు ఇప్పుడున్న చోటికి ఆమె కూడా చేరగలరు, అదే 11 కిలోలు పెరిగితే చాలు. నాన్నగారి చరిత్ర ఆమెకూ అంతే సొంతం. కాబట్టి బీపీ, షుగర్, టీఎస్‌హెచ్ ఆమె కూడా చేయించుకోవాలి, లిపిడ్లు ఏడాదికోసారి చూసుకోవాలి. లైపోప్రోటీన్ (ఎ) మీ ఇద్దరిలో ముందుగా ఎవరు చేయించుకున్నా, ఆ కాగితం జిరాక్స్ రెండోవారి ఫైల్లోనూ పెట్టండి.